విజయనగరం వైపు డ్రై పోర్టు వస్తే లాభం ఎవరికి?

ఉత్తరాంధ్ర_చూపు (విజయనగరం)
శనివారం, ఉదయం 8.40

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి మా ఊళ్లో టీ దుకాణాల దగ్గర కొత్త పదం ఒకటి తిరుగుతోంది: డ్రై పోర్టు. రాయపూర్ నుంచి సాలూరు మీదుగా సబ్బవరం వరకు ఆరు వరుసల రోడ్డు వేస్తున్నారు, రైలు మార్గం ఎలాగూ ఉంది, మధ్యలో కంటైనర్ డిపో ఒకటి పెడితే విజయనగరం దశ తిరుగుతుందని కొందరి వాదన.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఓడ దగ్గర జరిగే పనుల్లో ఓడ ఎక్కించడం, దించడం తప్ప మిగతావన్నీ, అంటే కస్టమ్స్ తనిఖీ, నిల్వ, పెట్టె (కంటైనర్) నింపడం, ఖాళీ చేయడం లోతట్టు ప్రాంతంలో చేసుకునే చోటు అది. అందుకే దాన్ని లోతట్టు డిపో అని కూడా అంటాం. దేశంలో మొదటిది 1981లో బెంగళూరులో వచ్చింది. మన పక్కన హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఉంది, నయా రాయపూర్‌లో ఉంది.

నా ప్రశ్న అది వస్తుందా రాదా అన్నది కాదు. వస్తే ఆ డబ్బు ఏ ఊళ్లో ఆగుతుంది? విశాఖ నుంచి మాకు 60 కిలోమీటర్లు. విశాఖ ఆర్థిక వ్యవస్థకు మరో గోదాము అవుతామా, లేక మాకంటూ ఏమైనా మిగులుతుందా? రేవు పనుల్లో ఉన్నవారు ఈ వేదికలో చాలామంది ఉన్నారు. రాజకీయం పక్కనపెట్టి చెప్పండి.

గోగునార (బొబ్బిలి)
శనివారం, ఉదయం 9.05

మాస్టారూ, ఇందులో ప్రశ్న ఏముంది? రాయపూర్ లైను, హౌరా–చెన్నై లైను కలిసేది విజయనగరం జంక్షన్‌లో. ఛత్తీస్‌గఢ్ నుంచి విశాఖ రేవుకు ఈ దారిన వచ్చే ప్రతి రేక్ (సరుకు రైలు) మన ఇంటి ముందు నుంచే వెళ్తుంది. బొబ్బిలి గ్రోత్ సెంటర్ పారిశ్రామికవాడలో స్థలం ఉంది, ఉక్కులో కలిపే మిశ్రలోహాలు చేసే ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమలు ఉన్నాయి, చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రవాళ్లు ఉన్నారు. జూట్ మిల్లులు ఒకటొకటిగా మూతపడిన జిల్లా మాది. జర్మనీలో డ్యూస్‌బర్గ్ సముద్రానికి ఎంతో దూరంలో ఉన్నా ప్రపంచంలోనే పెద్ద లోతట్టు రేవుగా నిలబడింది. మనం మాత్రం పక్కనే సముద్రం పెట్టుకుని లారీలు లెక్కపెడుతున్నాం.

కాటాచీటీ (గాజువాక)
శనివారం, ఉదయం 9.50

తమ్ముడూ, రేక్ నీ ఇంటి ముందు నుంచి వెళ్తుంది, నిజమే. పెళ్లి ఊరేగింపు మన వీధిలోంచి వెళ్లినంత మాత్రాన విస్తరి మనకు వేయరు.

నాకు నాలుగు ట్రైలర్లు ఉన్నాయి కాబట్టి నా మాటలో స్వార్థం ఉందని అనుకున్నా ఫర్వాలేదు. లెక్క మాత్రం వినండి. బొబ్బిలి ఫ్యాక్టరీలో నింపిన పెట్టె ఇప్పుడు ఒకే ట్రైలర్ మీద నేరుగా టెర్మినల్ గేటుకు వెళ్తుంది. ఎత్తడం ఒకసారి, దించడం ఒకసారి. మీరు చెప్పే పద్ధతిలో ఫ్యాక్టరీ నుంచి డిపోకి ట్రైలర్ మీద వెళ్లాలి, అక్కడ దించాలి, రైలు వచ్చేదాకా ఉంచాలి, రైలు ఎక్కించాలి, రేవులో మళ్లీ దించాలి. ప్రతి ఎత్తుకీ ఛార్జీ ఉంటుంది. ఇన్నిసార్లు ఎత్తి దించే ఖర్చును 60 కిలోమీటర్ల డీజిల్ మిగులు పూడుస్తుందా? పూడ్చదు. మూడు నాలుగు వందల కిలోమీటర్లు దాటితే తప్ప కంటైనర్‌కు రైలు గిట్టుబాటు కాదని ఈ వ్యాపారంలో ఉన్న అందరికీ తెలిసిన సంగతే.

సింధియా_కుర్రాడు (విశాఖపట్నం)
శనివారం, ఉదయం 10.12

కొత్తవలస వైపు అప్పుడే వెంచర్ల కరపత్రాలు పంచుతున్నారు. "ప్రతిపాదిత డ్రై పోర్టుకు పది నిమిషాల దూరంలో" అట. ఎవరు ప్రతిపాదించారో, ఎక్కడ ప్రతిపాదించారో కరపత్రంలో లేదు. లాభం ఎవరికని అడిగారు కదా మాస్టారూ, మొదటి లబ్ధిదారుడు దొరికాడు.

రైలుకట్ట (వాల్తేరు, విశ్రాంత ఉద్యోగి)
శనివారం, ఉదయం 11.30

రైల్వేలో ట్రాఫిక్ విభాగంలో పనిచేసి విరమించాను. కాస్త చరిత్ర చెప్పనివ్వండి, తరువాత లెక్కలోకి వస్తాను.

విశాఖ రేవు 1933లో తెరిచారు. దానికి రెండేళ్ల ముందే, 1931లో, పార్వతీపురం వైపు నుంచి రాయపూర్ దాకా లైను పూర్తయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్లు ఆ లైను వేసింది అడవి అందాలు చూడటానికి కాదు. మధ్య పరగణాల ఖనిజం, ధాన్యం సముద్రానికి చేరడానికి. అంటే ఈ రేవుకు వెనకభూమి, అంటే సరుకు అందించే లోపలి ప్రాంతం, మొదటి నుంచీ ఛత్తీస్‌గఢే. తరువాత బైలడిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు పంపడానికి కొత్తవలస–కిరండూల్ లైను వేసినప్పుడూ అదే తర్కం.

ఇప్పుడు బొబ్బిలి కుర్రవాడు గమనించాల్సింది ఒకటుంది. 1931 నుంచీ ఆ సరుకు మీ ఊరి మీదుగానే వెళ్తోంది. తొంభై ఏళ్లకు పైగా. దానివల్ల బొబ్బిలికి ఏ పరిశ్రమ వచ్చింది? గ్రోత్ సెంటర్ వచ్చింది స్థలం, రాయితీల వల్ల. ఫెర్రో అల్లాయ్స్ నడిచింది విద్యుత్తు ధర మీద. రైలు వెళ్లడం వేరు, రైలు ఆగడం వేరు. ఆగాలంటే అక్కడ ఎక్కించే సరుకు ఉండాలి.

ఎంత సరుకు? కంటైనర్ రేక్ అంటే 45 వ్యాగన్లు. ఒక్కో వ్యాగన్ మీద 20 అడుగుల పెట్టెలు రెండు, మొత్తం 90. వారానికి ఒక్క రైలు నడపాలన్నా ఏడాదికి 4,680 పెట్టెలు కావాలి. అది వెళ్లేటప్పుడు. వచ్చేటప్పుడు మరో 4,680. ఏడాదికి 50,000 టన్నులు ఎగుమతి చేసే ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. పెట్టెకు 25 టన్నులు వేసుకుంటే 2,000 పెట్టెలు, వారానికి 38. అలాంటివి రెండున్నర ఉంటే ఒక వైపు రైలు నిండుతుంది. విద్యుత్ ఛార్జీలు పెరిగినప్పుడల్లా ఫర్నేసులు ఆర్పేసుకునే పరిశ్రమను నమ్ముకుని వారం వారం రైలు నడపడం ఎలాగో ఎవరైనా చెబితే వింటాను.

గోగునార (బొబ్బిలి)
శనివారం, మధ్యాహ్నం 12.20

రైలుకట్ట గారూ, మీ లెక్కలో తప్పు పట్టను. కానీ ఈ లెక్క ఎప్పుడూ ఉన్నదాన్నే కొలుస్తుంది. సరుకు లేదు కాబట్టి డిపో వద్దు, డిపో లేదు కాబట్టి పరిశ్రమ రాదు, పరిశ్రమ లేదు కాబట్టి సరుకు లేదు. ఈ గుండ్రటి దారిలో మేము ఎన్నేళ్లు తిరగాలి? 1933లో తెరిచిన విశాఖ రేవును తవ్వినప్పుడు అప్పటికే ఉన్న సరుకు చూసి తవ్వలేదు కదా.

ఉత్తరాంధ్ర_చూపు (విజయనగరం)
శనివారం, మధ్యాహ్నం 12.45

డ్యూస్‌బర్గ్ పోలిక మాత్రం ఇక్కడ పనికిరాదు బాబూ. అది రైన్ నది ఒడ్డున, రూర్ బొగ్గు, ఉక్కు పరిశ్రమల మధ్యలో పుట్టిన రేవు. ఊరికి సరుకు ముందే ఉంది, నీళ్లూ ముందే ఉన్నాయి. చంపావతి మీద పడవ నడిపే ఆలోచన ఎవరికీ లేదనుకుంటాను.

మీ గుండ్రటి దారి వాదన మాత్రం బలమైనదే. దానికి జవాబు ఎవరైనా ఇవ్వాలి.

జీడి_వ్యాపారి (పలాస)
శనివారం, మధ్యాహ్నం 2.15

దిగుమతి చేసుకునేవాళ్ల మాట కూడా వినండి. అందరూ ఎగుమతే మాట్లాడుతున్నారు.

పలాస–కాశీబుగ్గలో జీడి పరిశ్రమలు వందల్లో ఉన్నాయి. స్థానిక పిక్క ఏడాది పొడవునా చాలదు. ఆఫ్రికా నుంచి పచ్చి పిక్క తెప్పించుకుంటాం, గోనె సంచుల్లో, కంటైనర్లలో, విశాఖ రేవుకు. అక్కడ మొదలవుతుంది కథ. పచ్చి పిక్క మొక్కల ఉత్పత్తి కాబట్టి ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు, అంటే పురుగు, తెగులు ఉందేమో చూసే అధికారులు, నమూనా తీయాలి, విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. ఈ లోపు సెలవు వచ్చిందా, రేవు యార్డులో నిల్వ ఛార్జీ ఒకవైపు, పెట్టె ఖాళీ చేసి తిరిగి ఇవ్వలేదని షిప్పింగ్ లైన్ వేసే డిటెన్షన్ ఇంకోవైపు. ఒక సీజన్‌లో నాకు సుంకం కంటే ఈ రెండు ఛార్జీలే ఎక్కువయ్యాయి. పచ్చి పిక్క మీద సుంకం 2018 బడ్జెట్‌లో 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించారు. ఆ తగ్గింపు ఈ ఛార్జీల్లో ఎటు పోయిందో తెలియలేదు.

మా దగ్గర్లో బాండెడ్ గోదాము (సుంకం కట్టకముందే సరుకు ఉంచుకునే చోటు) ఉన్న డిపో ఉంటే సరుకు అక్కడ పెట్టుకుని, ఫ్యాక్టరీకి ఎంత కావాలో అంతే విడిపించుకుంటాం. అంతకే సుంకం కడతాం. బ్యాంకు వడ్డీ మిగులుతుంది. చిన్న ఫ్యాక్టరీ నడిపేవాడికి అదే పెద్ద లాభం.

ఒక ఇబ్బంది ఉంది, నేనే చెబుతాను. పిక్క పెట్టెలో వస్తుంది. పప్పు మాత్రం డబ్బాల్లో లారీల మీద ఉత్తరాదికి పోతుంది. దేశంలోనే అమ్ముడవుతుంది. కాబట్టి పెట్టె మా దగ్గర నుంచి ఖాళీగానే తిరిగి వెళ్తుంది.

కాటాచీటీ (గాజువాక)
శనివారం, మధ్యాహ్నం 2.40

ఆ ఖాళీ పెట్టె ప్రయాణానికి డబ్బు కట్టేదీ మీరే. పలాస నుంచి విశాఖకు 200 కిలోమీటర్లు ఖాళీతో రావడం ఏ ట్రైలర్ యజమానికీ ఇష్టం ఉండదు. టెక్కలి గ్రానైట్ దొరికితే వేసుకుంటాం. అది కూడా షిప్పింగ్ లైన్ ఒప్పుకుంటేనే. ఆహార సరుకు వచ్చిన పెట్టెలో రాయి వేస్తే అడుగు దెబ్బతింటుందని కొందరు ఒప్పుకోరు.

సీలుబిళ్ల (విశాఖపట్నం, కస్టమ్స్ బ్రోకర్ కార్యాలయం)
శనివారం, సాయంత్రం 6.30

రోజంతా బిల్ ఆఫ్ ఎంట్రీలతో (దిగుమతి పత్రాలతో) సరిపోయింది, ఇప్పుడే చూశాను. డ్రై పోర్టు అంటే అందరూ క్రేన్లు, రైళ్లు ఊహించుకుంటున్నారు. అది నడిచేది, ఆగేది కాగితం మీద.

ఎగుమతి సంగతి చూద్దాం. ఒకప్పుడు లోతట్టు డిపోకు ఉన్న గొప్ప ఆకర్షణ అక్కడే కస్టమ్స్ అధికారి ఉండటం. ఇప్పుడు ఎగుమతిదారు తన ఫ్యాక్టరీలోనే పెట్టె నింపి, తానే ఎలక్ట్రానిక్ సీలు వేసి నేరుగా రేవు గేటుకు పంపవచ్చు. 2017 చివరి నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. బొబ్బిలిలో పెద్ద ఫ్యాక్టరీకి ఆ సీలు ఉంటే మధ్యలో డిపోతో పని లేదు.

పైగా డిపో నుంచి వెళ్లిన సరుకుకు కాగితాలు రెండు చోట్ల కలవాలి. డిపోలో ఇచ్చిన వివరం, ఓడ బయలుదేరిన రేవులో ఇచ్చిన వివరం ఒకటి కావాలి. జీఎస్టీ వచ్చిన కొత్తలో, 2017–18లో, ఈ రెండూ కలవక లోతట్టు డిపోల నుంచి ఎగుమతి చేసినవారికి తిరిగి రావాల్సిన పన్ను, ఐజీఎస్టీ రీఫండ్లు, నెలల తరబడి నిలిచిపోయాయి. రేవు నుంచి నేరుగా పంపినవారికి ఆ బాధ తక్కువ. ఇప్పుడు చాలావరకు సర్దుకుంది కానీ, ఆ దెబ్బ తిన్న వ్యాపారి డిపో అనగానే ఆలోచిస్తాడు.

దిగుమతి సంగతి, జీడి వ్యాపారి గారి కోసం. డిపో కట్టినంత మాత్రాన చాలదు. ప్లాంట్ క్వారంటైన్ అధికారి అక్కడ కూర్చోవాలి. లేకపోతే నమూనా విశాఖకు, కాగితం పలాసకు తిరుగుతాయి. కస్టమ్స్ సిబ్బంది జీతాల ఖర్చు, దానిపై అదనం కలిపి, డిపో నడిపే సంస్థే ప్రభుత్వానికి కట్టాలి. నిర్ణీత స్థాయిలో సరుకు వస్తే ఆ భారం నుంచి మినహాయింపు దొరుకుతుంది. మొదటి ఏళ్లలో సరుకు తక్కువ, ఖర్చు ఎక్కువ. ఆ కాలం దాటలేక దేశంలో కొన్ని డిపోలు బోర్డు మాత్రమే మిగిలి, చివరికి అనుమతి రద్దయ్యే వరకు వెళ్లాయి.

ఇంకొకటి, ఎవరూ అడగనిది. ఖాళీ పెట్టెను ఎక్కడ అప్పగించాలో నిర్ణయించేది షిప్పింగ్ లైన్. దానికి మీ డిపోలో ఖాళీ యార్డు లేకపోతే, సరుకు విజయనగరంలో దించుకున్నా పెట్టెను విశాఖకు తెచ్చి ఇవ్వాల్సిందే. అప్పుడు డిటెన్షన్ గడియారం ఆగదు. కాబట్టి విజయనగరంలో భూమి చూపించే ముందు నాలుగైదు షిప్పింగ్ లైన్ల నుంచి రాతపూర్వక హామీ తెచ్చుకోండి.

రేవుగాలి (వన్ టౌన్, విశాఖపట్నం)
శనివారం, రాత్రి 8.10

వన్ టౌన్‌లో ఉంటున్నాం. కిటికీ గడప మీద వేలు పెట్టి గీస్తే నల్లగా అంటుతుంది. అది బొగ్గు, ఖనిజం దుమ్ము, కంటైనర్లది కాదని తెలుసు. కానీ షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా రేవు రోడ్డు మీద ట్రైలర్ల వరుస ఎలా ఉంటుందో ఈ వేదికలో కొత్తగా చెప్పనక్కర్లేదు.

మీరంతా విజయనగరం కోణం మాట్లాడుతున్నారు. విశాఖ కోణంలో చూస్తే దగ్గర్లో డ్రై పోర్టు పెట్టడానికి కారణం వేరే ఉంది. యార్డులు, గోదాములు, ఖాళీ పెట్టెల గుట్టలు ఊళ్లోంచి బయటికి పోతాయి. ఇక్కడ విలువైన స్థలం ఖాళీ అవుతుంది, రోడ్డు తేలికపడుతుంది. ఆ పని సబ్బవరంలో జరిగినా కొత్తవలసలో జరిగినా లాభం మాకే. పక్క జిల్లాకు వెళ్లేవి ట్రైలర్లు, డీజిల్ పొగ, విరిగిన రోడ్లు. నేను దీనికి అనుకూలం అని నిజాయితీగా చెబుతున్నాను. విజయనగరం వారు అనుకూలంగా ఎందుకు ఉండాలో మాత్రం నాకు అర్థం కావడం లేదు.

గోగునార (బొబ్బిలి)
శనివారం, రాత్రి 8.25

ఉద్యోగాలు అమ్మా. యార్డు వస్తే పని వస్తుంది.

కాటాచీటీ (గాజువాక)
శనివారం, రాత్రి 8.50

ఎలాంటి పని అన్నది కూడా చెప్పు తమ్ముడూ. ఇదివరకు గోదాములో సంచులు మోసే కలాసీలు వందమంది కనిపించేవారు. ఇప్పుడు పెట్టెలు ఎత్తి పేర్చే రీచ్ స్టాకర్ యంత్రం ఒకటి, దాని ఆపరేటర్ షిఫ్టుకు ఒకరు. పెట్టె మూతవేసి వస్తుంది, మూతవేసి వెళ్తుంది. సరుకు బయటికి తీసి, విడదీసి, మళ్లీ కట్టే పని ఉన్నచోటే చేతులకు పని. గేటు గుమాస్తాలు, సర్వేయర్లు, పెట్టెలు బాగుచేసే వెల్డర్లు, టైర్ల దుకాణం, రెండు భోజనశాలలు, పార్కింగ్. ఇవి నిజమైన ఉద్యోగాలే, కాదనను. వందల ఎకరాలు ఇచ్చి తీసుకోవాల్సినన్ని ఉంటాయా అన్నదే ప్రశ్న.

నిర్వాహకుడు
శనివారం, రాత్రి 9.30

ఏ ప్రభుత్వం ఏ ప్రాజెక్టును ఆపిందన్న చర్చలోకి వెళ్లిన ఆరు వ్యాఖ్యలు తొలగించాం. దానికి వేరే పుట ఉంది.

తాటిచెట్టుపాలెం_టు_కరోలినా (అమెరికా)
ఆదివారం, ఉదయం 6.05

గోగునార గారి గుండ్రటి దారికి ఇక్కడి అనుభవం ఒకటి చెబుతాను. మేముండే దక్షిణ కరోలినాలో చార్లెస్టన్ అని రేవు నగరం. దానికి 340 కిలోమీటర్ల దూరంలో గ్రీర్ అనే చిన్న ఊళ్లో 2013లో లోతట్టు రేవు తెరిచారు. రాత్రికి రైలు బయలుదేరితే తెల్లవారేసరికి రేవులో ఉంటుంది. అది బాగా నడిచింది. దాన్ని చూసి 2018లో డిల్లన్ అనే ఊళ్లో ఇంకొకటి పెట్టారు.

ఎందుకు నడిచిందో చూడండి. గ్రీర్ పక్కనే బీఎండబ్ల్యూ కార్ల ఫ్యాక్టరీ ఉంది, 1994 నుంచీ. విడిభాగాలు జర్మనీ నుంచి పెట్టెల్లో వస్తాయి. తొలి రోజు నుంచే రైలుకు నికరమైన సరుకు ఉంది. ఆ ఒక్క ఖాతాదారు మీద రైలు నిలబడితే, మిగిలిన చిన్న కంపెనీలు ఆ రైలులో చోటు తీసుకున్నాయి. ఫ్యాక్టరీకి, రేవుకు మధ్య 19 ఏళ్లు. వరస తిరగేయలేదు.

వర్జీనియాలో ఫ్రంట్ రాయల్ దగ్గర 1989లో పెట్టినదానికి అలాంటి పెద్ద ఖాతాదారు లేడు. మెల్లగా మొదలై, చుట్టూ పెద్ద కంపెనీల పంపిణీ గోదాములు వచ్చాక నిలదొక్కుకుంది. అంటే సరుకు లేకుండా మొదలుపెట్టడం అసాధ్యం కాదు. నష్టాన్ని ఏళ్ల తరబడి భరించే యజమాని ఉండాలి. అక్కడ అది రాష్ట్ర రేవు సంస్థ. ఇది కూడా రేవుకు 350 కిలోమీటర్ల దూరంలోనే ఉంది, 60 కాదు.

ఉత్తరాంధ్ర_చూపు (విజయనగరం)
ఆదివారం, ఉదయం 8.30

చాలా ఉపయోగపడే సమాచారం. మన దేశంలోనూ మహారాష్ట్ర జాల్నా డ్రై పోర్టుకు 2015 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. ఉక్కు, విత్తనాల వ్యాపారానికి పేరున్న ఊరు, ముంబయి రేవు నుంచి దూరమూ ఉంది. అయినా పునాదిరాయికి, సరుకు కదలడానికి మధ్య ఏళ్లకు ఏళ్లు గడిచాయి. అంత సరుకున్న ఊరికే అంత ఆలస్యమైతే మా సంగతి ఆలోచించుకోవాలి.

రేవు ఊరిని పెంచడమే కాదు, రేవు జరిగిపోతే ఊరు వాడిపోవడం కూడా మన తీరంలో చూశాం. భీమునిపట్నం ఒకప్పుడు గోగునార ఎగుమతికి పేరుపొందింది. "బిమ్లీ జూట్" అని లండన్ బజారులో పిలిచేవారు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. విశాఖలో ఓడలు నేరుగా గట్టుకు కట్టే రేవు రాగానే లంగరు వేసి పడవల్లో సరుకు మోసే భీమిలికి పని పోయింది. కళింగపట్నానిదీ అదే దారి. ఇప్పుడు మూలపేటలో కొత్త రేవు కడుతున్నారు. అది నడవడం మొదలైతే పలాస, టెక్కలి సరుకు విశాఖ వైపు వస్తుందా, మూలపేట వైపు వెళ్తుందా? విజయనగరంలో డిపో కట్టేవారు ఈ ప్రశ్నకు కూడా జవాబు చెప్పుకోవాలి.

రైలుకట్ట (వాల్తేరు, విశ్రాంత ఉద్యోగి)
ఆదివారం, ఉదయం 10.15

నిన్నటి నుంచి వద్దు వద్దు అని చెప్పి వదిలేయడం బాగుండదు. ఎక్కడ పెడితే నడుస్తుందో నా అభిప్రాయం చెబుతాను: రాయగడ.

విజయనగరం నుంచి అదే లైను మీద ఇంకా లోపలికి వెళ్లండి. తెరువలిలో ఫెర్రో అల్లాయ్స్ ఉంది, జేకే పూర్‌లో కాగితం మిల్లు ఉంది. ఆ పై టిట్లాగఢ్ దాకా లైను పక్కన పత్తి, ధాన్యం. కోరాపుట్ లైను కూడా అక్కడే కలుస్తుంది. విశాఖకు సుమారు 200 కిలోమీటర్లు. కాటాచీటీ గారి మూడు నాలుగు వందల గీత దాటదని నాకూ తెలుసు, కానీ ఘాట్ రోడ్డు మీద బరువైన పెట్టెతో ట్రైలర్ నడపడం చదును నేల మీద నడిపినట్టు కాదు. అక్కడ రోడ్డు మీద ఖర్చు కిలోమీటర్ల లెక్కకు మించి ఉంటుంది. రాయపూర్ నుంచి వచ్చే రేక్ సగం నిండి ఉంటే రాయగడలో మిగతా సగం నింపుకోవచ్చు. అప్పుడు రైలు మొత్తాన్ని రాయగడే నింపాల్సిన పని లేదు.

డిపో ఒడిశాలో, రేవు ఆంధ్రలో. కాబట్టి ఏ నాయకుడికీ దీని మీద ఆసక్తి ఉండదు. అది వేరే సంగతి.

సీలుబిళ్ల (విశాఖపట్నం, కస్టమ్స్ బ్రోకర్ కార్యాలయం)
ఆదివారం, ఉదయం 11.00

దూరం గురించి ఇంకో ఉదాహరణ. నేపాల్ బీర్‌గంజ్ డ్రై పోర్టు 2004 నుంచి రైలుతో నడుస్తోంది. దానికి కోల్‌కతా 700 కిలోమీటర్లు, విశాఖ దాదాపు 1,400. అయినా 2016 ఒప్పందం తరువాత విశాఖ నుంచి కూడా నేపాల్ పెట్టెలు రైలెక్కాయి. కోల్‌కతా నదీ రేవు, లోతు తక్కువ, పెద్ద ఓడ రాలేదు. విశాఖ బయటి హార్బర్‌కు పెద్ద ఓడ నేరుగా వస్తుంది. రెట్టింపు దూరమైనా లెక్క కుదిరిన సందర్భాలు ఉన్నాయి. దీన్నిబట్టి విశాఖకు లాభం తెచ్చే డ్రై పోర్టులు దూరంగా ఉన్నవే. రాయపూర్, బీర్‌గంజ్, నాగపూర్. మా కార్యాలయానికి పని తెచ్చేదీ అవే, అది కూడా ఒప్పుకుంటాను.

గోగునార (బొబ్బిలి)
ఆదివారం, మధ్యాహ్నం 12.10

రాయపూర్‌కు లాభం, రాయగడకు లాభం, విశాఖకు లాభం, చివరికి బీర్‌గంజ్‌కు కూడా లాభం. బొబ్బిలి మాత్రం గేటు దగ్గర నిలబడి రేక్‌లు చూడాలి. ఇంతేనా?

ఉత్తరాంధ్ర_చూపు (విజయనగరం)
ఆదివారం, మధ్యాహ్నం 12.50

అంతే కాదు. మీ కోపాన్ని కొంచెం చిన్న కోరిక వైపు మళ్లించండి అంటాను. వందల ఎకరాల డ్రై పోర్టు అడగకండి. బొబ్బిలి స్టేషను దగ్గర సరుకు టెర్మినల్ అడగండి. రైల్వే 2021 చివర్లో తెచ్చిన గతిశక్తి కార్గో టెర్మినల్ విధానంలో ప్రైవేటువారు కూడా కట్టుకోవచ్చు. దానికి కస్టమ్స్ నోటిఫికేషన్ అక్కర్లేదు, కంటైనరే కానక్కర్లేదు. మాంగనీసు ఖనిజం లోపలికి, మామిడి, మొక్కజొన్న, జూట్ సంచులు బయటికి. దేశీయ సరుకే. జిల్లాలో పండేది, తయారయ్యేది చాలావరకు ఓడ ఎక్కదు, దేశంలోనే అమ్ముడవుతుంది. పలాస పప్పులాగే.

రెండోది, సగం పెట్టె కూడా నింపలేని చిన్న ఎగుమతిదారులు ఉన్నారు. వాళ్ల సరుకు కలిపి ఒక పెట్టెగా చేసే గోదాము, ఒక పరీక్షా ప్రయోగశాల. దానికి అయిదెకరాలు చాలు. కాటాచీటీ గారు చెప్పిన చేతిపని ఉండేది అలాంటి చోటే.

రేవుగాలి (వన్ టౌన్, విశాఖపట్నం)
ఆదివారం, మధ్యాహ్నం 1.15

అయిదెకరాల గోదాముకు శంకుస్థాపన ఫోటో బాగా రాదు మాస్టారూ. అసలు ఇబ్బంది అక్కడ ఉంది.

జీడి_వ్యాపారి (పలాస)
ఆదివారం, మధ్యాహ్నం 3.40

ప్రయోగశాల మాట వదలకండి. నమూనా విశాఖ వెళ్లి రావడమే మాకు అసలు ఖర్చు. డిపో లేకపోయినా, క్వారంటైన్ అధికారి సీజన్‌లో, అంటే పిక్క ఓడలు వచ్చే నెలల్లో, సెలవు రోజుల్లోనూ రేవులో అందుబాటులో ఉంటే మా డిటెన్షన్ సగం తగ్గుతుంది. దానికి ఎకరం కూడా అక్కర్లేదు.

గోగునార (బొబ్బిలి)
ఆదివారం, సాయంత్రం 5.20

సరే మాస్టారూ. గ్రోత్ సెంటర్‌లో నడుస్తున్న ఫ్యాక్టరీల్లో మా స్నేహితులు పనిచేస్తున్నారు. నెలకు ఎన్ని పెట్టెలు బయటికి వెళ్తున్నాయి, ఎన్ని టన్నులు లారీల్లో లోపలికి వస్తున్నాయి, ఎక్కడి నుంచి, ఫ్యాక్టరీ వారీగా పట్టిక తయారుచేస్తాను. పేర్లు లేకుండా ఇక్కడే పెడతాను. టెర్మినల్ కోసం అర్జీ రాసేటప్పుడు ఆ పట్టిక జతచేద్దాం. అప్పటికీ నా మాట మాత్రం మారదు: డ్రై పోర్టు అడగడం మానను.

రైలుకట్ట (వాల్తేరు, విశ్రాంత ఉద్యోగి)
ఆదివారం, సాయంత్రం 6.00

పట్టికలో తిరుగు సరుకుకు వేరే గడి పెట్టు బాబూ. అందరూ మరచిపోయేది అదే. అర్జీ ఏ విభాగానికి, ఏ నమూనాలో పంపాలో నేను చూసి చెబుతాను.

కాటాచీటీ (గాజువాక)
ఆదివారం, సాయంత్రం 6.35

పట్టిక తయారైతే నాకూ పంపు తమ్ముడూ. మంగళవారం మాంగనీసు దించి బొబ్బిలి నుంచి రెండు ట్రైలర్లు ఖాళీగా వస్తున్నాయి. ఎవరికైనా విశాఖ సరుకు ఉంటే ఈలోపే చెప్పమను, ధర మాట్లాడుకుందాం.